నల్ల గిటారు

2008 మే, శుక్రవారం రాత్రి

ఈరోజు కమలాపురంలో గృహప్రవేశం భజనకు ఈయన కొత్త కార్బన్ ఫైబర్ గిటారు తీసుకెళ్లారు. పాత చెక్క గిటారు పోయిన ఎండాకాలం పగిలిపోయింది. ఇది ఎండకు పగలదు కానీ, కాటుకలాగా నల్లగా ఉంటుంది. షామియానా కింద కూర్చుని తీగలు సరిచేసుకుంటుంటే ఇంటి పెద్దామె వచ్చింది.

“ఏమప్పా, కొత్తింట్లోకి నల్లదాన్ని తెస్తావా? సంచిలో పెట్టేయ్. తబలా ఉండాది, చాలు.”

ఈయన గిటారు లోపల పెట్టడానికి సంచి జిప్పు తీశారు. ఆ ముఖం చూడలేకపోయాను.

“మన కృష్ణుడు మాత్రం తెల్లగా ఉండాడా పెద్దమ్మా?” అన్నాను. అందరూ నవ్వారు.

“నీ మొగుణ్ని ఒక్క మాట అననీవు కదమ్మే! సరే, వాయించప్పా,” అంటూ ఆమె కూడా నవ్వింది.

గంటసేపు ఎంత బాగా వాయించారో! ఆ ఎండలో ఒక్క తీగ కూడా శ్రుతి తప్పలేదు.

పెద్దావిడకు ఎదురు చెప్పానే, అందుకు స్వామిని అడ్డం పెట్టుకున్నానే అని సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మనసు పీకింది. అంతకన్నా ఇంకొకటి. పొద్దున బయల్దేరేటప్పుడు, శుభకార్యానికి ఆ నల్లది వద్దని సణిగింది నేనే. ఈయన ఆ మాట అక్కడ బయటపెట్టలేదు. తిరుగు బస్సులో కూడా ఎత్తలేదు. కిటికీ పక్క సీటు నాకిచ్చి, గిటారు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయారు.