గుడ్డి బామ్మ టీ పోసిన ఎపిసోడ్

సీరియల్ రచయిత గారికి,

నమస్కారం. నేను కళ్ళద్దాల షాపు నడుపుతాను. మా అత్తగారు మీ సీరియల్ ఒక్క రోజు కూడా వదలరు. ఆవిడకు రెండు కళ్ళకూ శుక్లాలు. నెల రోజులు కాళ్ళావేళ్ళా పడి ఆపరేషన్‌కు ఒప్పించాను. మూడు వారాల తర్వాత వచ్చే మంగళవారమని డాక్టరు గారు తేదీ కూడా ఇచ్చారు. ఇంతలో మీరు రెండువందల పన్నెండో ఎపిసోడ్‌లో బామ్మగారికి అదే ఆపరేషన్ చేయించి, ఉన్న కాస్త చూపూ పోగొట్టారు. అంతే, నా కళ్ళ జోలికి ఎవరూ రావద్దని మా అత్తగారు భీష్మించుకు కూర్చున్నారు. నిన్న పొయ్యి మీద గిన్నె కనపడక చెయ్యి కాల్చుకున్నారు. నాకు నిజంగా భయంగా ఉంది. దయచేసి బామ్మకు చూపు తెప్పించండి.

ఇట్లు,
కళ్ళద్దాల షాపు కోడలు

తా.క. చూపు పోయిన మర్నాడే బామ్మ ఆరు కప్పుల్లో చుక్క ఒలకకుండా టీ పోసింది. అదెలాగో మా షాపులో ఎవరికీ అంతుపట్టలేదు.

*

అమ్మా,

మీ అభిమానానికి ధన్యుణ్ణి. మీ అత్తగారు చెయ్యి కాల్చుకునేంతగా కథలో లీనమయ్యారని విని ఎంత పొంగిపోయానో చెప్పలేను. కానీ చూపు తెప్పించడం కుదరదు. ఇంకా మూడు వందల ఎపిసోడ్లు ఆ కళ్ళ మీదే నడవాలి. టీ అంటారా, అది బామ్మ మనోనేత్రం. లాజిక్కు ఎవరైనా రాస్తారు, దాన్ని దాటడానికే ప్రతిభ కావాలి.

మీ విధేయుడు,
రచయిత

తా.క. మీలో కథలు రాసే ఉబలాటం కనిపిస్తోంది. దాచుకోకండి.

*

రచయిత గారికి,

నాకు ఏ ఉబలాటమూ లేదు, ఆపరేషన్‌కు రెండు వారాలే గడువుంది. మా అత్తగారు నిన్న నన్ను పోస్టుమాన్ అనుకుని సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు. ఇక మీ మనోనేత్రం సంగతి. సీరియల్లో కోడలి చీర ఎర్రగా ఉందని బామ్మ అంది. గోడగడియారం చూసి టైము చెప్పింది. సోమవారం సూదిలో దారం ఎక్కించింది! ఆవిడకు చూపు లేదంటే చంటిపిల్లలు కూడా నమ్మరు. గుడ్డిదైతే గుడ్డిదానిలా ఉంచండి, లేదా చూపుందని ఒప్పుకోండి.

ఇట్లు,
కోడలు

తా.క. దారం ఎక్కించిన సూదితో ఆవిడ కుట్టింది కూడా. కుట్టు బాగుంది.

*

అమ్మా,

మీ కాళ్ళకు దణ్ణం పెట్టాలి. మీ ఉత్తరం చదవగానే దారి దొరికింది. బామ్మకు చూపు ఎప్పుడూ పోలేదు, కోడలి గుట్టు పట్టుకోవడానికి గుడ్డిగా నటిస్తోంది! టీ, చీర, గడియారం, సూది... తప్పులన్నీ ఒక్క దెబ్బతో సాక్ష్యాలైపోయాయి. లాజిక్కు లేదని నన్ను పీకేద్దామనుకున్న నిర్మాత కూడా భుజం తట్టాడు. ప్రాణం లేచొచ్చింది.

మీ విధేయుడు,
రచయిత

తా.క. టైటిల్స్‌లో కథాసహకారం కింద మిమ్మల్ని వేయమన్నాను. చీర సహకారం కింద వేశారు. మన్నించండి.

*

రచయిత గారికి,

ఆ ఎపిసోడ్ అయిన మర్నాడు పొద్దున్నే మా అత్తగారు సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆపరేషన్ ముందుకు జరుపుతారేమో కనుక్కోమన్నారు. చూపొచ్చాక రాలేదని చెప్పి నా గుట్టు కనిపెడతారట. ఈ మాట ఇంకెవరికో చెబుతున్నాననుకుని నాకే చెప్పారు.

మొదటి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. ఇప్పుడు గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంటారు. కూర్చున్న చోటి నుంచే, మూల బూజు దులపలేదేమని అడుగుతారు. ఆ బూజు నాకే కనపడలేదండీ. కుర్చీ ఎక్కి దులుపుతూ సంతోషం పట్టలేక ఏడ్చేశాను. గుండెల మీద బరువు దిగిపోయింది. రెండో కన్ను వచ్చే నెల.

ఇట్లు,
కోడలు

తా.క. మీ నటి కంటే మా అత్తగారే బాగా తడుముతున్నారు.

*

అమ్మా,

మీకో నిజం చెప్పాలి. నాకూ రెండు కళ్ళకూ శుక్లాలే. రెండేళ్ళుగా మా ఆవిడ మూడుసార్లు ఆపరేషన్‌కు తేదీ తీసుకుంది, మూడుసార్లూ జ్వరం తెచ్చుకున్నాను. నాలుగోసారి జ్వరం రాలేదు. దాంతో బామ్మ చూపు పోయే ఎపిసోడ్ రాసి, మా ఆవిడను పక్కన కూర్చోబెట్టి చూపించాను. భయపడి ఊరుకుంటుందనుకున్నాను, ఊరుకుంది. ఆ ఒక్క మనిషి కోసం రాసింది మీ ఇంటి దాకా వస్తుందని తట్టలేదు, సిగ్గుగా ఉంది.

నా ఉత్తరాలన్నీ చదివి వినిపించేదీ, నేను చెబితే రాసేదీ ఆవిడే. మీరు రాసిన బూజు సంగతి చదివి ఉత్తరం పక్కన పెట్టింది. "ఆ పెద్దావిడకున్న ధైర్యం మీకు లేదా?" అని అడిగింది. సమాధానం కోసం చూడకుండా ఆస్పత్రికి ఫోన్ చేసింది.

గురువారం ఆపరేషన్ అయింది. చీమ కుట్టినంత కూడా నొప్పి లేదు. ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. మీకూ, మీ అత్తగారికీ రుణపడి ఉంటాను.

మీ విధేయుడు,
రచయిత

తా.క. కట్టు విప్పాక నిన్న నా సీరియల్‌ను రెండేళ్ళలో మొదటిసారి సరిగ్గా చూశాను. మీరు చాలా మర్యాదగా రాశారమ్మా.