కూర్చునే ఆట

సునందా,

ఎట్లా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడాది దాటింది. మళ్ళీ అదే ముసురు పట్టింది, మళ్ళీ అమ్మ నీ మంచం మీద దుప్పటి మార్చింది. ఎవరికోసమని నేను అడగలేదు.

మన చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. మన ఊరు మిట్టేమరికి మాత్రం బస్సులు పెరగలేదు. బాగేపల్లి బడిలో నా పాఠాలు అట్లాగే సాగుతున్నాయి. ఇవన్నీ చెప్పడానికి కాదు ఈ ఉత్తరం... నీ ఆట సంగతి చెప్పాలి.

చిన్నప్పుడే నీ కాళ్ళు సన్నబడ్డాయి, తర్వాత చేతులు. నేను తెచ్చిన పాత కంప్యూటర్ ముందు, మాట వినే రెండు వేళ్ళతో, ఏళ్ళ తరబడి ఆ ఆట చేశావు. అందులో తుపాకులు లేవు, కార్లు లేవు. ఆడేవాళ్ళు మన వసారాలో కూర్చుని ఉంటారు. కదల్లేరు. నొక్కడానికి ఒకే మీట. నొక్కితే నీ గొంతు "ఎవురన్నా ఉండారా?" అని పిలుస్తుంది. అంతే. ఎవరైనా వచ్చేదాకా కాచుకోవాలి.

ఇదేం ఆటే అని నవ్వితే ఏమన్నావో గుర్తుందా? "గెలిచే ఆటలు అందురూ చేస్తాండారు గదక్కా. ఇది కూర్చునే ఆట."

మాలతి నువ్వుండగానే దాన్ని చూసింది. నాతో చింతామణిలో చదివి, బెంగళూరులో చిత్రకళ నేర్చుకున్న మాలతి. ఇది తెర మీద చూసేది కాదు, మనిషిని ఆ వసారా లోపలే కూర్చోబెట్టాలి అంది. నువ్వెంత సంబరపడ్డావు! ఊపిరాడని ఆ చివరి రోజుల్లో కూడా, "అన్నీ నా కంటి ఎత్తునే ఉండల్ల, మాలతికి చెప్పు" అన్నావు. చెప్పాను.

మొన్నటి చలికాలం చింతామణిలో, మూతపడిన పట్టుగూళ్ళ గోదాములో కట్టాం. మూడు గోడల మీదా ప్రొజెక్టర్ల వెలుగు. మధ్యలో పొట్టి పీట, పక్కన మీట. తలుపు మూస్తే మన వసారా, మన వీధి, ఎదురింటి ప్రహరీ. వెనక అడుగుల చప్పుడు దగ్గరికొస్తుంది... దాటిపోతుంది. ఆటలో ఒక పొద్దంతా గడవాలి. గదిలో అది గంట దాకా పడుతుంది.

జనం వచ్చారు. కాలేజీ పిల్లలు మీట టకటకా నొక్కి, పాయింట్లు ఎక్కడ పడతాయని అడిగి వెళ్ళిపోయారు. ఒకాయన చీకట్లో నీ పిలుపు విని బెదిరి బయటికొచ్చేశాడు. చివరిదాకా ఎవరూ కూర్చోలేదు. కాస్త కుదించమని గోదాము ఇచ్చినవాళ్ళన్నారు. మాలతి కూడా నా వైపు చూసింది. నేను ఒప్పుకోలేదు. "కాచుకునేది తగ్గిస్తే ఇంకేముంటాది దాంట్లో?" అని నువ్వే అన్నావు కదా...

అమ్మ రానంది. చివరి రోజు తనంతట తానే చీర మార్చుకుని బస్సెక్కింది.

పీట మీద కూర్చుంది. మీట ఏమిటో తెలియక చెయ్యి ఆనించింది. నీ గొంతు పలికింది.

"వస్తాండా తల్లీ, వస్తాండా" అంటూ అమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది. వెలుగంతా ఆమె మీద పడింది. మన వీధి ఆమె నీడలో మాయమైంది. తడిమింది... ఉత్త గోడ. ఆ ముఖం గురించి ఎవరికి చెప్పుకోను సునందా?

తిరిగొచ్చి కూర్చుంది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. మీట మళ్ళీ ముట్టలేదు. ఎండ ప్రహరీ దాటింది, పొద్దు గుంకింది, వీధిలో దీపాలు వెలిగాయి. అప్పుడు గోడ మీది వెలుగులోకి రెండు చేతులు వచ్చాయి. వసారా మెల్లగా కిందికి జారింది, మనల్నే ఎవరో ఎత్తుకున్నట్టు. ప్రహరీ అవతల చేలు, మసక వెలుగులో కొండ... నాకు తెలిసిందే అయినా అటే చూస్తుండిపోయాను.

అమ్మ కొండను చూడలేదు. "గాజులు లేవే? ఎవురివే ఆ చేతులు?" అంది.

నిన్ను ఎత్తుకున్నది అమ్మా నేనూ మాత్రమే. నాయన ఎప్పుడూ లారీ మీదే. మా ఇద్దరివీ గాజుల చేతులే. కంప్యూటర్లో గాజులు గీయడం కష్టమని అమ్మకు చెప్పాను. నమ్మినట్టు తలూపింది. తర్వాత మాలతినడిగితే, అదేం కష్టం కాదంది.

ఎవరివే ఆ చేతులు? మేమిద్దరం లేనప్పుడు ఎవరైనా వచ్చేవాళ్ళా? లేక... నిన్ను తీసుకుపోవడానికి వచ్చేది నీకు ముందే కనిపించిందా?

అప్పటినుంచి అమ్మ అన్నం ముందు కూర్చుని అదే మాట. "ఆ చేతులకి గాజులు ఏపిచ్చవే." మాలతి బెంగళూరులో మళ్ళీ కడుతుందట. ఆ లోపు గాజులు పెట్టడం ఒక పూట పని అంటోంది.

నేను పెట్టనివ్వను సునందా. అమ్మ ఎంత ఏడ్చినా సరే. నువ్వు ఎవరికోసం కాచుకున్నావో, వాళ్ళనే రానిస్తాను.

నీ అక్క,
సరోజ