సీమ కేతిలి మట్టిదేనా?

జులై 3, 1979
రేపే మరిది పెద్దకర్మ. మైల పోవాలంటే ఇంట్లో మట్టిది ఏదీ మిగలకూడదని ఆడబిడ్డ రాజమ్మది పొద్దున్నుంచి ఒకటే పాట. సరే, నీళ్ల కుండలు, పప్పుకుండ ముంగిట్లో పెట్టించాను. అయినా ఆమె చూపు ఊరుకుంటుందా... తిరిగి తిరిగి అల్మారాలో చాయ్ కేతిలి మీద ఆగింది.
“గది మట్టిది గాదా వదినె?”
పింగాణి, గాజు లెక్క, కడిగితే సరిపోతుంది అన్నాను. గట్టిగానే అన్నాను.

సాయంత్రం
మట్టి ఎట్లా అవుతుంది? ఆయన కాజీపేట బంగ్లాలో వంట చేసేటప్పుడు, సీమకు తిరిగిపోతూ తెల్ల దొరసాని ఆయన చేతిలో పెట్టింది. చుట్టూ గోధుమరంగు పిట్టలు, ఆకులు. అద్దంలాంటి మెరుపు. మట్టికి మెరుపెక్కడిది?

జులై 4
మబ్బు. వంటవాళ్ల జాడ లేదు.

మధ్యాహ్నం
నా బుద్ధి కాల. చూసుకోమని నేనే కేతిలి దింపించాను. దొరలు కుండల చాయ్ తాగుతరా అత్తా అని నా కొడుకు సమ్మయ్య నవ్వాడు. నవ్వుతూనే బోర్లించాడు. అడుగున గోరంత పెచ్చు లేచి ఉంది. ఇన్నేళ్లు కడిగాను, కంటికి ఆనలేదు. రాజమ్మ అక్కడ తడివేలు పెట్టింది. చుక్క ఇంకిపోయింది.
“సూడు, నీళ్లు గుంజుతాంది. కుండనే.”
ఒళ్లు మండింది — ఆమె మీద, పైన ఇంత సోకు పూసి లోపల మన్ను పెట్టినవాళ్ల మీద, ఒక్కమాట చెప్పకుండా పోయిన ఆయన మీద.

పొద్దుగూకింది
కుండలు పగలగొట్టారు. కొత్తవి వచ్చాయి. కేతిలిని ముట్టనివ్వలేదు, తెచ్చి వాకిలి గోడ మీద పెట్టాను.
ఇప్పుడు తడుతోంది... ఆయన పోయినప్పుడూ కుండలన్నీ పారేశాం. ఇదొక్కటే ఇంట్లో ఉండిపోయింది. ఇది మట్టిదే అయితే ఆయన మైల పోనే లేదు. అందులోంచే అందరికీ చాయ్ పోశాను. మరిది ఇంకో కప్పు అడిగి మరీ తాగేవాడు — వదినె, జర పొయ్యి...
పగలగొడితే మట్టిదని ఒప్పుకున్నట్టే. లోపలికి తెస్తే...

జులై 5
వాన. గోడ మీద మూత టకటక కొట్టుకుంటోంది. ఉండలేక పోయి తెచ్చాను. గడప దాటించలేదు. చూరు కింద పెట్టాను.
సమ్మయ్యకు చాయ్ స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. “కేతిల్ల పొయ్యలేదేందవ్వా” అన్నాడు, దగ్గుతూ.
ఈ దగ్గు ఎప్పటినుంచి?