సున్నం పూసిన పూలకుండీలు

ఏమండీ,

మీరు పోయాక ఇదే మొదటి డిసెంబరు పన్ను వాయిదా. ఇంకా చేతికి రాని ఆదాయాన్ని అంచనా వేసి ముందే పన్ను కట్టాలి కదా. ఖరిదా బజారులోని మన ఫోటో స్టూడియోను ఇప్పుడు కోడలు పార్వతి నడుపుతోంది. నిరుటి రాబడిని బట్టి నేనొక అంకె వేశాను. అది చూసి తల అడ్డంగా ఊపింది.

"సాలదత్తా. ఈ మాఘంలో పెళ్లిళ్లు సానా ఉన్నాయి. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎన్ని రైల్వే క్వార్టర్లకి సున్నం కొట్టించినారో సూసినాను."

"సున్నం రైల్వేవాళ్లూ కొట్టిస్తారు."

"ఆళ్లు గోడలకే కొడతారు. పెళ్లోళ్లు మిగిలింది పూలకుండీలకీ పూస్తారు. మావయ్య సూపించినారు."

మీరు సాయంత్రాలు గాలికి తిరుగుతున్నారనుకున్నాను. కోడల్ని వెంటబెట్టుకుని కుండీలు చూస్తున్నారని తెలియదు. ఇన్నేళ్లూ మీరు చెప్పిన అంకెను నేను పద్దులో రాశానే గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో మీరు నాకు ఒక్కసారీ చెప్పలేదు.

"మరి నన్నెందుకు పిలవలేదేటి?" అని అడిగాను.

"మీ అత్త వస్తే కుండీలు సూడదు, ఎవరి గుమ్మం ఊడ్సలేదో సూస్తాదని నవ్వీవోరు."

చెప్పి తనూ నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఫారంలో దాని అంకే రాశాను. అది మీ లెక్క గనక రాశాను. రేపు సాయంత్రం మాత్రం ఆ సందుల్లోకి అది ఒక్కతే వెళ్లదు. నా చెప్పులు ఇప్పుడే గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను.