తొట్టెల వేసే గది గోడ
గురువారం రాత్రి

ఎల్లుండి పొద్దున మా కూతురు లావణ్య బిడ్డను ఎత్తుకొని వస్తుంది. పెళ్లైన తొమ్మిదేళ్లకు పుట్టిన బంగారం! తలుచుకుంటేనే కాలు నేల మీద నిలవడం లేదు. ఆదివారం పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. ఈలోపు ఆ గోడ నా ప్రాణం తీస్తోంది.

ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా అదిరి అదిరి, తొట్టెల వేసే గది గోడ పగుళ్లిచ్చింది. మేస్త్రీ మల్లేశం పొద్దున పగిలినంత మేర ఊడగొట్టి కొత్తగా ప్లాస్టరింగ్ చేసి పోయాడు. నేను ఊరుకోలేదు. బొగ్గు బాయిలో పనిచేసినప్పుడు పైకప్పును కట్టెతో కొట్టి చప్పుడు విన్నట్టే, మిగిలిన పాత గోడంతా కొట్టి చూశాను. ఒకచోట బోలుగా మోగింది. ఇంకాస్త గట్టిగా కొట్టేసరికి చాటంత పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది.

మా ఇంటామె రాజవ్వ ఉరికొచ్చింది. "ఏందయ్యా గిది? ఇల్లనుకున్నవా, బాయనుకున్నవా? రిటైరయినంక గూడ కట్టె ఇడువవా?"

"గిప్పుడు పడ్డది నయమే. మనుమరాలి మీద పడితే?"

రాజవ్వ తానే ఇసుక జల్లించింది. మల్లేశం మళ్లీ వచ్చి పూసి, "కాకా, ఇంకేడ కొట్టకు. ఇల్లే కొత్తది కట్టాల్సొస్తది," అని నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రావడం లేదు. పచ్చి సిమెంటు బ్లాస్టింగుకు ఆగుతుందా? రేపు మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగగానే, తొట్టెల వేసే చోట చాప పరిచి, గోడ వైపు తల పెట్టి నేనే పడుకుంటాను. రాజవ్వకు చెప్పలేదు.