పెదనాన్న ఓటు

బ్రేకర్ వీధి, కోల్డెన్,
పెన్సిల్వేనియా.
నవంబరు 2, శనివారం, సకల మృతుల స్మరణ దినం.

ప్రియమైన వెరోనికాకు,

నీ పెదనాన్న, జ్ఞానతండ్రి అయిన సిరిల్ హుడాక్ ఏసుప్రభువు పేరిట దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మోకాలు మాత్రం వానకంటే ముందు తానే కబురు చెబుతోంది. నువ్వూ, గ్రెగ్గూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. తలచడమే తప్ప తెలిసే దారి లేదు. గురువారం నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కదా. అందుకే కలం పట్టాను. ఈ ఉత్తరం చించెయ్యాలనిపిస్తే చించెయ్యి, కానీ చివరిదాకా చదివి చించు. సగం విని ఊరుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇప్పటికే మనిద్దరికీ చాలు.

ముందు ఆ టేపు సంగతి.

సోమవారం పొద్దున ప్రైన్ ఎన్నికల ఆఫీసు నుంచి మిస్ టాల్బట్ అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చట్టసభకు నీమీద పోటీ చేస్తున్న ఆ ప్రైన్ తరఫున వచ్చిందని తెలిసే లోపలికి రమ్మన్నాను. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని మీ పెద్దమ్మ ఇరేన్ ఎప్పుడూ వెనక్కి పంపలేదు, నేనూ పంపను. “హుడాక్ గారూ, ఈ ఊళ్ళో కథోలికులు మీ మాట వింటారు. మీ నమ్మకం మీరు చెప్పండి, మేం ఒక్క ముక్క కూడా రాసివ్వం” అంది. నేను నమ్మాను. జన్మంతా బేకరీ పొయ్యి ముందు నిలబడి, పిండి బస్తా మీద బైబిలు ఆనించుకుని చదువుకున్నవాణ్ణి. నా మాట చర్చి హాల్లో మనవాళ్ళు వినడమే తప్ప ఎవరూ పట్టుకెళ్ళి ఊరంతా తిప్పలేదు. అది ఎలా జరుగుతుందో నాకేం తెలుసు?

ఆ అమ్మాయి రికార్డు చేస్తుంటే వంటింట్లో నిలబడి, బుధవారం సభల్లో మాట్లాడినట్టే మాట్లాడాను. నా పద్ధతి నీకు తెలుసు. ముందు గద్దింపు, తరవాత ఓదార్పు. యెషయా ప్రవక్త అలాగే చేశాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. ముందు ఇలా అన్నాను: వెరోనికా నా తమ్ముడి కూతురు. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఆమెను ఎత్తుకున్నది ఈ చేతులే. యిర్మీయాను తల్లి గర్భంలో రూపించకముందే దేవుడు ఎరిగి ఉన్నాడు. మరియ తల్లి గొంతు వినగానే ఎలిసబేతు కడుపులో శిశువు గంతులు వేశాడు. ఆ శిశువును ఓటు వేసేటప్పుడు అన్నింటికంటే ముందు తలుచుకోమని మన పీఠాధిపతులైన బిషప్పులు చెప్పారు. గర్భస్రావం హక్కు ఉండాలంటూ నా బిడ్డ పెద్ద తప్పు చేస్తోంది, నా గుండె పగిలిపోతోంది.

అక్కడ ఆగి గ్లాసుడు మంచినీళ్ళు తాగాను. తాగి, మిగతాది చెప్పాను.

ఆ మిగతాది నువ్వు వినలేదు, ఎవరూ వినలేదు, కనుక ఇక్కడ రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టి, ఊపిరి నిలవదని తేలిన పసివాళ్ళ పక్కన ఏళ్ళ తరబడి నర్సుగా నిలబడింది నువ్వేనని చెప్పాను. తల్లి అడిగితే, చర్చి గురువు వచ్చేదాకా ప్రాణం ఆగదనిపిస్తే, సిరంజిలో నీళ్ళు తీసుకుని ఆ వేలెడంత నుదుటి మీద చుక్కలు వేసి నువ్వే జ్ఞానస్నానం ఇచ్చావని చెప్పాను. వెరోనికాకు పసిపిల్లలంటే జాలి లేదని ఎవరైనా అంటే వాడు అబద్ధికుడని చెప్పాను. బూత్‌లో నేనేం చేయాలో ఇంకా తేలలేదనీ, దేవుడి ముందు మోకరిల్లి ఉన్నాననీ, ఆమె కోసమూ నా కోసమూ ప్రార్థించమనీ చెప్పి ముగించాను.

వాళ్ళు మంచినీళ్ళ గ్లాసు దాకానే తీసుకుని, ఊళ్ళో ఫోన్లన్నిటికీ పంపారు.

నేనే ఫోన్ చేసి అడిగితే మిస్ టాల్బట్ ఏమందో తెలుసా? “సార్, మాకు దొరికేది అర నిమిషం. అంతకంటే ఎవరూ వినరు.” “అయితే ఆ అర నిమిషంలో రెండో సగం పెట్టాల్సిందమ్మా” అన్నాను. నవ్వింది. జోకు వేశాననుకుంది.

ఆ టేపులో ఒక్క అబద్ధం లేదు. అంతా నా గొంతే. నన్ను కాలుస్తున్నది అదే. పొలం అమ్మిన అననీయ కూడా అబద్ధపు నాణేలు తేలేదు. సగం సొమ్ము తెచ్చి, ఇదే మొత్తమని అపోస్తలుల పాదాల దగ్గర పెట్టాడు.

ఇక గురువారం. శుక్రవారం అమ్మకానికి పిరోహీలు చేసే రోజు కనుక హాల్లో అందరం ఉన్నాం. నేను పిండి పరుస్తున్నాను. ఆడవాళ్ళు బంగాళాదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కుతున్నారు. నువ్వు ఎప్పట్లాగే ఏప్రన్ కట్టుకుని, పోటీ చేస్తున్న మనిషిలా కాకుండా మా పిల్లలాగే వచ్చావు. అప్పుడే ముందు హెలెన్ స్టెఫాంకో ఫోన్ మోగింది. తరవాత మేరీ ఆన్‌ది. తరవాత బల్ల చుట్టూ ఒక్కొక్కరిదీ. చేతుల నిండా పిండి కనుక అందరూ మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టారు. “వెరోనికా నా తమ్ముడి కూతురు...” అంటూ నా గొంతు ఒక ఫోన్‌లో మొదలై, అది ముగియకుండానే ఇంకోదాంట్లో మొదలై, హాలంతా నేనే అయిపోయాను. “ఆపండే ఆ దిక్కుమాలిన ఫోన్లు!” అని హెలెన్ కేకలేసింది. ఎవరి వేళ్ళు పనిచేస్తేగా ఆపడానికి.

నువ్వు నా బల్ల దగ్గరికి వచ్చావు. “పెదనాన్నా, ఒక్కటే అడుగుతాను. నాకు ఓటు వేస్తావా, వెయ్యవా? ఫోన్‌కి చెప్పినట్టు కాదు, నాకు చెప్పు” అన్నావు.

నేను పిండి మీద కర్ర తిప్పుతూనే ఉన్నాను. 

“ప్రతిదానికీ నీ దగ్గర ఒక వచనం ఉంటుంది. దీనికి లేదా?” అని ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. నీ వెనకే తలుపు మూసుకున్న చప్పుడుకు మేరీ ఆన్ ఏడ్చింది. హెలెన్ మాత్రం నా వైపు తిరిగి, “పిండి ఎండిపోతోంది, ప్రవక్త గారూ” అంది.

రోనీ, ఎండాకాలంలో మా వసారాలో కూర్చుని నువ్వు చెప్పింది నేను మరిచిపోలేదు. వేరే రాష్ట్రంలో నువ్వు కొన్నాళ్ళు పనిచేసిన చోట, కడుపుతో ఉన్న ఒక తల్లికి రక్తం ఆగకుండా పోతుంటే, గర్భస్రావాన్ని నిషేధించిన చట్టానికి భయపడి డాక్టర్లు లాయరుకు ఫోన్ చేసి జవాబు కోసం కూర్చున్నారన్నావు. “ఆవిడ చేయి నా చేతిలో చల్లబడింది పెదనాన్నా. ఆ చట్టం రాసినవాళ్ళు ఎవరూ ఆ గదిలో లేరు” అన్నావు. అప్పుడు నేను, తల్లికి వైద్యం చేయడాన్ని మన కథోలిక తిరుసభ ఎన్నడూ వద్దనలేదు, అది ఆ లాయర్ల పిరికితనం అన్నాను. “పిరికితనానికి తలుపు తెరిచింది ఆ చట్టమే కదా” అన్నావు నువ్వు. దానికి నేను ఇచ్చిన జవాబు సరిపోలేదని నాకు తెలుసు. కానీ నీ జవాబూ నాకు సరిపోలేదమ్మా. ఆ తల్లిని చూసి ఏడ్చే గుండె, పేరు పెట్టకముందే పోయే వేలమంది దగ్గర మాత్రం, అది వాళ్ళ వాళ్ళ ఇష్టం అని ఎలా తప్పుకుంటుంది? కయీను తమ్ముడి రక్తం నేల నుంచి మొరపెట్టింది. వీళ్ళకు మొరపెట్టడానికి నోరైనా లేదు.

నిన్న సకల పునీతుల పండుగ పూజ అయ్యాక ఫాదర్ ఎమెకాను పట్టుకున్నాను. ఎండల దేశం నుంచి వచ్చిన మనిషి, ఈ చలికి పూజ వస్త్రాల కింద రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నారు, పాపం. నేరుగా అడిగాను, నా తమ్ముడి కూతురికి ఓటు వేస్తే అది పాపమా అని. ఆయన నాలాగా గొంతు పెంచే మనిషి కాదు. “ఆమె గర్భస్రావం హక్కు అంటోంది కాబట్టే ఆమెకు వేస్తే పాపం, సిరిల్. ఆ మాట తప్పని తెలిసీ, దానంత బరువైన వేరే కారణం ఉండి వేస్తే, అది నీ అంతరాత్మకూ దేవుడికీ మధ్య సంగతి. పీఠాధిపతులు ఆ రెండో మాట కూడా రాశారు. నువ్వు గుడి దగ్గర పంచే కరపత్రంలో అది లేదు” అన్నారు.

“ఫాదర్, ఆ రెండో మాట చెబితే జనం దాన్నే పట్టుకుని మొదటిది వదిలేస్తారు” అన్నాను.

“అందుకని నువ్వు దాచేస్తావా? మా ఊళ్ళో మంచంపట్టినవాళ్ళకు మందు సగమే ఇచ్చే వైద్యుణ్ణి ఏమంటారో నీకు చెప్పను, గుడి ముందు నిలబడి ఉన్నాం” అన్నారు. ఆయన అలా మాట్లాడడం మొదటిసారి విన్నాను.

“బరువైన కారణం అంటే ఎంత బరువు ఫాదర్? ఇంతమంది పసివాళ్ళకు సమానంగా ఏం తూగుతుంది?” అన్నాను. “అదే ప్రశ్న మోసుకుని బూత్‌లోకి వెళ్ళు. నీ బదులు నేను మోయకూడదు” అని మాత్రం అన్నారు.

ఈ పొద్దున మృతుల పూజలో మీ నాన్న పేరూ, ఇరేన్ పేరూ చదివారు. నువ్వు రాలేదు. మీ నాన్న చనిపోయిన ఏడాది నుంచి నువ్వు ఆ పూజ తప్పడం నేను చూడలేదు. పూజ అయ్యాక కాఫీ దగ్గర అందరినీ ఆపి, టేపులో మిగిలిపోయిన సగం మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సిరంజి సంగతి, నీళ్ళ చుక్కల సంగతి, అన్నీ. పీఠాధిపతుల రెండో మాట కూడా చెప్పాను. మేరీ ఆన్ బాబ్కో అయితే, “నా మనవరాలికి నీళ్ళు పోసింది వెరోనికాయే, నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు” అని అక్కడే కూలబడి ఏడ్చింది.

హెలెన్ ఊరుకుంటుందా? “అయితే ఇంతకీ ఎవరికి వెయ్యమంటావ్?”

“నీ అంతరాత్మను అడుగు” అన్నాను.

“ఇన్నేళ్ళు మా అంతరాత్మ పని కూడా నువ్వే చేశావు కదయ్యా, ఎన్నికల ముందు సెలవు పెడితే ఎలా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. గర్భస్రావాలను వ్యతిరేకించే మన ప్రాణరక్షణ సంఘం అధ్యక్షుడు స్టాన్ కోవల్చిక్ మాత్రం నవ్వలేదు. “నువ్వు మా కాళ్ళ కింద మట్టి తవ్వావు సిరిల్. క్లినిక్ బయట జపమాల చెబుతూ నిలబడే జట్టును రేపటి నుంచి వేరేవాళ్ళు నడుపుతారు” అని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పోనీ. వెనక వరసలో నిలబడినా జపమాల జపమాలే.

ఇంతకంటే చెప్పడానికి లేదు. ఎలా గెలవాలో నీకు నేను చెప్పను. నువ్వు గెలవాలని కూడా ప్రార్థించలేను, అబద్ధమవుతుంది. నీ మనసు మారాలనీ, నువ్వు బాగా నిద్రపోవాలనీ రెండూ కలిపి ప్రార్థిస్తున్నాను. దేవుడు విడదీసుకుంటాడు. పిల్లలకు ముద్దులు.

క్రీస్తులో నిన్ను ఎప్పటికీ ప్రేమించే,
నీ పెదనాన్న
సిరిల్

తా. క. మంగళవారం. ఉత్తరం ఇంకా నా కోటు జేబులోనే ఉంది. తపాలాలో వేయలేకపోయాను. ఎందుకంటే నువ్వడిగినదానికి పైన ఎక్కడా జవాబు లేదు. ఇప్పుడే ఓటు వేసి వచ్చాను. నీకు వేయలేదు, రోనీ. ప్రైన్‌కు వేశాను. ఆ మనిషి నా మాటను సగానికి కోశాడు, ఆయన చేతికి నా కుక్క గొలుసు కూడా ఇవ్వను. కానీ ఆ పసివాళ్ళు నా మాట కోయలేదు కదా. నీ తప్పుకూ, ఆయన తప్పుకూ వాళ్ళెందుకు మూల్యం చెల్లించాలి అని నిలబడ్డాను, వేశాను. బయట హెలెన్ అడిగితే చెప్పలేదు. ఈ సంగతి నీకంటే ముందు ఎవరి చెవినా పడకూడదు.

ఫోన్‌లో చెప్పను. ఇది నీ చేతికే ఇచ్చి, నువ్వు చదివినంతసేపూ నీ మెట్ల మీదే నిలబడతాను. తలుపు వేసుకుంటావో, తిడతావో, ఏడుస్తావో, ఏదైనా సరే నా ముఖం చూసి చెయ్యి. ఇప్పుడు చదువుతూ ఇక్కడిదాకా వచ్చావు. తల ఎత్తు, నేను నీ ఎదురుగానే ఉన్నాను.