సుత్తి దెబ్బకు మోగని స్లీపర్

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను డిజైను చేసిన సిమెంటు స్లీపర్లను ఇవాళే పొద్దున రామన్నపేట దగ్గర పట్టాల కింద పరీక్షకు వేశారు. పట్టాల బిగింపు చూసే కీమన్‌గా నువ్వు రోజూ సుత్తి భుజాన వేసుకుని నడిచిన దారే.

రైలు అదురు తగ్గాలని పట్టాకూ స్లీపరుకూ మధ్య మందపాటి రబ్బరు పెట్టాను. రెండేళ్ల పని! మధ్యాహ్నం వెళ్లి చూస్తే, పట్టాను పట్టి ఉంచే క్లిప్పులన్నీ లోపలికంటా దిగగొట్టి ఉన్నాయి. ఆ దెబ్బలకు నాలుగు స్లీపర్లు పగిలాయి.

"ఎవరు కొట్టమన్నరు?" అని నీ తర్వాత కీమన్ అయిన యాదయ్య మీద అరిచాను.

"క్లిప్పు గట్టిగుంటే ఖంగుమనాలె గద బిడ్డా! ఏది కొట్టినా దబ్బుమంటాంది. వదులున్నయనుకొని ఇంకింత కొట్టిన. మీ బాపు గట్లనే నేర్పిండు."

రబ్బరు చప్పుడును మింగేస్తుందని నాకు తట్టనే లేదు. కంప్యూటర్‌లో బరువు చూశాను, అదురు చూశాను. మీ కీమన్లు చెవితో పని చేస్తారన్నది నాకు తెలియనే లేదు.

నాకు కోపం యాదయ్య మీద కాదు, నీ మీదే. చిన్నప్పుడు వెంటపడితే, "ఎండల నీకేం పని, పోయి సదువుకో" అని సగం దారిలోంచి తిప్పి పంపేవాడివి. చదివాను. ఒక్కరోజు చివరిదాకా నీ వెంట నడవనిస్తే నీ సొమ్మేం పోయేది బాపూ?